కొలనుపాక, పెంబర్తి, పోచంపల్లి: ఇద్దరికి సరిపోయే ఒక రోజు కారు ప్రయాణం

ఉప్పల్ దాటి వరంగల్ దారి పడితే భువనగిరి కోట, యాదగిరిగుట్ట, కొలనుపాక, పెంబర్తి, జనగామ వరసగా తగులుతాయి. గంటన్నర, రెండు గంటల దూరంలో ఇన్ని ఊళ్లుండటం హైదరాబాద్ వాళ్ల అదృష్టం. ప్రయాణం చెడేది కూడా అక్కడే. అన్నీ చూసేయాలని బయల్దేరితే ఏ ఊళ్లోనూ అరగంట నిలవరు. సాయంత్రానికి బండి నడిపిన వాళ్లకు నడుం నొప్పి, పక్కన కూర్చున్న వాళ్లకు విసుగు మిగులుతాయి.

ఇద్దరే నింపాదిగా తిరగాలంటే మూడు ఊళ్లు చాలు. పొద్దున కొలనుపాక, పదిన్నర తర్వాత పెంబర్తి, మధ్యాహ్నం ఎండ వాలాక భూదాన్ పోచంపల్లి. పోయేటప్పుడు వరంగల్ హైవే, వచ్చేటప్పుడు విజయవాడ హైవే. ఉప్పల్‌లో మొదలై ఎల్బీనగర్‌లో ముగిసే ఈ చుట్టు దాదాపు 200 కిలోమీటర్లు. బండిలో ఐదు గంటలు, ఊళ్లలో ఆరు గంటలకు పైగా గడుస్తుంది. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారుకు 14 లీటర్ల పెట్రోలు పడుతుంది.

ఈ వరస మార్చకండి. కొలనుపాకలో చూసేవి గుళ్లు. పాత శివాలయాలు మధ్యాహ్నం తలుపులు వేస్తాయి, పైగా పదకొండు దాటాక రాతి పలకల మీద వట్టి కాళ్లతో నడవలేరు. పెంబర్తిలో ఇత్తడి పని తొమ్మిది, పది మధ్య ఊపందుకుని అన్నం వేళకు ఆగుతుంది. పోచంపల్లిలో తిన్నాక కాసేపు నడుం వాల్చి, మూడు గంటలకు మళ్లీ మగ్గం ఎక్కుతారు. బట్టల దుకాణాలు చీకటి పడ్డాక కూడా తెరిచే ఉంటాయి. దారిలో ఎక్కడ ఆలస్యమైనా దాన్ని భరించే ఊరు ఇదొక్కటే, అందుకే చివర పెట్టాలి.

ఏ రోజు, ఏ కాలం

వీలైతే మామూలు పనిరోజు చూసుకోండి. శని, ఆదివారాల్లో యాదగిరిగుట్టకు వెళ్లే కార్లతో, ఆ మలుపు ఉన్న రాయగిరి దాకా దారి నిండిపోతుంది, రాయగిరి దాటాక తేలికవుతుంది. కార్తీక మాసంలో గుట్టలోనూ కొలనుపాక సోమేశ్వరాలయంలోనూ రద్దీ ఎక్కువ. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర జరిగే వారం వరంగల్ హైవే మీదికి అసలు రావద్దు. సంక్రాంతికి ముందు, తర్వాత నాలుగు రోజులు విజయవాడ హైవేది కూడా అదే పరిస్థితి. అమావాస్య నాడు పనిముట్లు పక్కన పెట్టే అలవాటు చేతివృత్తుల ఇళ్లలో చాలాచోట్ల ఉంది. బయల్దేరే ముందు క్యాలెండర్ చూసుకుంటే మూసిన తలుపుల ముందు నిలబడే పని తప్పుతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఎండాకాలం వెళ్తే ప్రతి వేళనూ గంట ముందుకు జరపండి. మే నెలలో ఆరు కాకముందే తెల్లారుతుంది గనుక ఇబ్బంది లేదు. జనవరిలో మాత్రం సూర్యోదయం 6.45 ప్రాంతంలో. హైవే పక్కన పొగమంచు కూడా ఉంటుంది కాబట్టి ఏడు లోపు బయల్దేరి లాభం లేదు.

వానాకాలం ఒక్క విషయం తప్పక కనుక్కోవాలి: మూసీ. బీబీనగర్‌కూ పోచంపల్లికీ మధ్య మూసీ పారుతుంది. దాని మీద రుద్రవెల్లి, జూలూరు ఊళ్ల నడుమ లోలెవల్ వంతెన ఉంది. నగరంలో గట్టి వాన పడి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల గేట్లు ఎత్తితే ఆ నీళ్లు ఇక్కడికొచ్చి వంతెనను ముంచుతాయి, రాకపోకలు ఆపేస్తారు. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా ఇది జరుగుతుంది, ఎందుకంటే వాన పడింది పైన, నగరంలో. ముందు రోజు గేట్లు ఎత్తిన వార్త చూస్తే బీబీనగర్ దగ్గర తిరగకుండా నేరుగా ఘట్‌కేసర్ దాకా వచ్చేయండి. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేటలో దిగి, విజయవాడ హైవే మీదుగా పోచంపల్లి చేరవచ్చు. దూరం పెరుగుతుంది, మనసు నిబ్బరంగా ఉంటుంది. నీళ్లు వంతెన మీద పారుతున్నప్పుడు ముందు వెళ్లిన ట్రాక్టరును చూసి కారు దించకండి. ట్రాక్టరు చక్రం ఎత్తు వేరు, బరువు వేరు. కారు మోకాలి లోతు నీళ్లకే తేలి పక్కకు జరుగుతుంది.

ముందు రోజు సాయంత్రం బండి దగ్గర

టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి, అంటే ఇంటి దగ్గరి బంకులోనే. డ్రైవరు తలుపు ఫ్రేము మీద అతికించిన పట్టీలో ఎంత పెట్టాలో ఉంటుంది. ఇద్దరే గనుక తక్కువ బరువుకు రాసిన అంకె పాటించండి. హైవే మీద గంట నడిచాక టైరు వేడెక్కి గాలి మూడు, నాలుగు పీఎస్ఐ పెరిగి చూపిస్తుంది. అది చూసి గాలి తీయిస్తే చల్లారాక తక్కువైపోతుంది, టైరు అంచులు అరిగి తొందరగా వేడెక్కుతాయి. స్టెప్నీ గాలి చాలామంది మరిచిపోతారు, అదీ చూడండి. జాకీ, పానా బండిలో ఉన్నాయో లేదో డిక్కీ తెరిచి కళ్లతో చూసుకోండి.

ముందు అద్దం లోపలి వైపు తుడవండి, బయటి వైపు మాత్రమే కాదు. ఈ చుట్టులో పొద్దున తూర్పుకు పోతారు, సాయంత్రం పడమటికి వస్తారు. రెండు పూటలా సూర్యుడు ఎదురే. లోపలి అద్దానికి పట్టే సన్నని జిడ్డు పొర మామూలుగా కనబడదు, ఎదురెండ పడగానే అద్దమంతా తెల్లబడి ముందు బండి కనిపించదు. తడిగుడ్డతో ఒకసారి, పొడి కాగితంతో ఇంకోసారి రుద్దితే పోతుంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకునే అలవాటుంటే ఇద్దరివీ సర్దండి.

ఫాస్టాగ్‌లో ఐదు వందలు ఉంచుకుంటే ఇబ్బంది ఉండదు. డబ్బు ముందు రాత్రే వేయండి. టోల్ దగ్గరికొచ్చి రీచార్జి చేస్తే ఆ యంత్రానికి తెలిసేలోపు మీ వంతు వచ్చేస్తుంది, ఫాస్టాగ్ లేకుండా కడితే ఎక్కువ పడుతుంది. మనకు తగిలే హైవే టోల్ ఒక్కటే, బీబీనగర్ మండలం గూడూరు దగ్గర. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దాటతాం. 24 గంటల్లోపు తిరిగొస్తే రెండూ కలిపి ఒకటిన్నర రెట్లే పడాలి. రాత్రి ఇంటికొచ్చాక సందేశాలు చూసి సరిపోల్చుకోండి. విజయవాడ హైవే మీది పంతంగి టోల్ మనం దిగే చోటికి అవతల ఉంది, అది మనకు తగలదు.

సంచిలో నాలుగు లీటర్ల నీళ్లు, గొడుగు, మందపాటి మేజోళ్లు రెండు జతలు, ఒక తెల్ల చేతిరుమాలు, ఉతికిన కాటన్ దిండు గలీబు, పాత దుప్పటి. మేజోళ్లు కాలే రాతి మీద నడవడానికి, దుప్పటి ఇత్తడి సామాను చుట్టడానికి. రుమాలు, గలీబు పోచంపల్లిలో అక్కరకొస్తాయి.

ఇద్దరూ ఇంట్లోనే తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, చీరకూ ఇత్తడికీ కలిపి ఎంత ఖర్చు పెట్టాలన్నది. దుకాణంలో అమ్మేవారి ముందు తేల్చుకోబోతే ఒకరు చిన్నబుచ్చుకోవడం ఖాయం. రెండోది, ఎవరు ఎక్కడి దాకా నడపాలన్నది. జనగామ దాకా ఒకరు, అక్కణ్నుంచి ఇంకొకరు అయితే బాగా కుదురుతుంది. అన్నం తిన్నాక రెండు, మూడు గంటల మధ్య తిన్నని హైవే మీద కునుకు పట్టేది పొద్దుటినుంచీ నడిపిన వాళ్లకే. ఒకరికే డ్రైవింగ్ వస్తే జనగామలో భోజనం తర్వాత ఇరవై నిమిషాలు సీటు వెనక్కి వాల్చి పడుకోవడం షెడ్యూల్లో భాగం అనుకోండి. దారి చూసే ఫోన్ ఎప్పుడూ పక్క సీటు వాళ్ల చేతిలోనే ఉండాలి.

ఉప్పల్ నుంచి ఆలేరు

ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ కోసం ఏళ్ల తరబడి తవ్వకాలు జరిగిన ముక్క ఉంది. ఆరున్నర లోపు దాటితే పావుగంట, ఎనిమిదికి వస్తే ముప్పావుగంట. కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట వైపు వాళ్లు నగరంలోకి రాకుండా ఔటర్ పట్టి తొమ్మిదో నంబరు ఎగ్జిట్, ఘట్‌కేసర్ దగ్గర దిగడం మేలు. గచ్చిబౌలి వైపు నుంచైతే ఔటర్ మీద సగం నగరం చుట్టాలి. తెల్లవారుజామున నగరంలోంచి రావడమే దగ్గర.

ఘట్‌కేసర్ దాటాక రోడ్డు విశాలం. బోర్డు మీద రాసిన వేగం దాటకండి, కెమెరాలున్నాయి. అసలు జాగ్రత్త పడాల్సింది ఊళ్ల దగ్గర. డివైడరులో సందు ఉన్న చోటల్లా రాంగ్ రూటులో బైకులు ఎదురొస్తాయి, అదీ కుడి లేన్ అంచు వెంబడి. ఊరు కనబడగానే ఎడమ లేన్‌లోకి వచ్చి వేగం తగ్గించడమే మందు. బండి ఆగిపోతే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033.

టిఫిన్ భువనగిరిలో తినండి. హైవే ఊరిని తప్పించి బైపాస్‌గా పోతుంది గనుక బోర్డు చూసి లోపలికి దిగాలి. బస్సుల వాళ్లు, కూరగాయలు తెచ్చే వాళ్లు నిలబడి తినే చోట ఇడ్లీ వేడిగా ఉంటుంది. కారు పార్కింగ్ పెద్దదిగా ఉన్న చోటు కంటే అదే మేలు.

తింటూ తల ఎత్తితే కోట గుట్ట కనబడుతుంది. ఒకే ఏకశిల, సుమారు 500 అడుగులు. కల్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి బిరుదు త్రిభువనమల్లుడు. ఆ బిరుదు మీద వచ్చిన త్రిభువనగిరి పేరు కాలక్రమంలో భువనగిరి అయింది. 2014 మేలో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ కొండలెక్కడం మొదలుపెట్టింది ఈ బండ మీదే. ఇంత చెప్పాక ఎక్కాలనిపిస్తుంది. కానీ ఎక్కి దిగడానికి రెండు గంటలు, ఆ తర్వాత కాళ్లు పీకుతాయి, కొలనుపాక వేళ తప్పుతుంది. కోట ఎక్కాలనుకుంటే ఆ రోజు భువనగిరి, పోచంపల్లి, అంతే. గట్టి పట్టున్న బూట్లు వేసుకోండి. వాన పడిన మర్నాడు బండ జారుతుంది, ఎక్కొద్దు.

యాదగిరిగుట్ట గురించీ అదే మాట. కృష్ణశిలతో తిరిగి కట్టిన ఆలయం 2022 మార్చి 28న భక్తులకు తెరుచుకుంది. అది దర్శనం కోసం ప్రత్యేకంగా ఒక పూట కేటాయించాల్సిన చోటు. క్యూలో ఎంతసేపు పడుతుందో చెప్పలేం. దారిలో ఉందని దూరితే మిగతా రోజంతా గడియారం చూసుకుంటూ గడుస్తుంది. రాయగిరి దగ్గర ఎడమకు తిరగకుండా నేరుగా సాగండి.

కొలనుపాక, రెండు గంటలు

ఆలేరులో హైవే వదిలి ఎడమ వైపు ఆరేడు కిలోమీటర్లు పోవాలి. ఊరి రోడ్డు. వానాకాలం పంట కోతలప్పుడు అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా, యాసంగి కోతలప్పుడు ఏప్రిల్, మే నెలల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, చుట్టూ రాళ్లు పేర్చి. వడ్ల మీద బ్రేకు వేస్తే టైరు ఇసుక మీదిలా జారుతుంది. రైతు ఆరు నెలల కష్టం మీద చక్రం ఎక్కించడం ఎలాగూ తప్పే. ఎదురు బండి ఉంటే ఆగి దారి ఇవ్వండి. వడ్లు ఎత్తాక రాళ్లు అక్కడే మిగిలిపోతాయి, చీకట్లో టైర్లు చీలేది వాటి వల్లే. ఈ దారుల్లోంచి వెలుగుండగానే బయటపడాలనడానికి అదొక కారణం.

ముందు జైన మందిరానికి వెళ్లండి. జైనులు కుల్పాక్‌జీ అంటారు. రెండు వేల ఏళ్లకు పైబడిన తీర్థమని వారి నమ్మకం. ఆదినాథుణ్ని ఇక్కడ మాణిక్యదేవుడిగా కొలుస్తారు. పక్కన ఉన్న మహావీరుడి విగ్రహం దగ్గర నిలబడి చూడండి: 130 సెంటీమీటర్ల ఎత్తు, ఒకే జేడ్ రాతిలో చెక్కింది. తోలు బెల్టు, తోలు పర్సు, తోలు సంచి కారులోనే వదలాలి. చేతిలో డబ్బు పెట్టుకోవడానికి గుడ్డ సంచి ఉంచుకోండి. మోకాళ్లు కనిపించే బట్టలు వద్దు. గర్భాలయంలో ఫొటోలు తీయనివ్వరు. ఇక్కడి భోజనశాలలో ఉల్లి, వెల్లుల్లి, దుంపలు లేని భోజనం దొరుకుతుంది. పొద్దుగుంకాక జైనులు తినరు గనుక అక్కడ రాత్రి భోజనం ఉండదు. మధ్యాహ్నం ఇక్కడే తినాలనుకుంటే వచ్చీ రాగానే కార్యాలయంలో కూపన్ సంగతి కనుక్కోండి.

తర్వాత సోమేశ్వరాలయం. చాలామంది జైన మందిరం చూసి అటు నుంచి అటే వెళ్లిపోతారు, అది పెద్ద నష్టం. పదకొండో శతాబ్దంలో కొల్లిపాక (కొలనుపాక పాత పేరు) కల్యాణి చాళుక్యులకు ముఖ్యమైన పట్టణం. వీరశైవుల పంచాచార్యుల్లో ఒకరైన రేణుకాచార్యుడు ఈ సోమేశ్వర లింగం నుంచే ఆవిర్భవించాడని వారి నమ్మకం. అందుకే కర్ణాటక నుంచి కూడా భక్తులు వస్తారు. ఊళ్లో కులానికో మఠం వెలిసింది కూడా ఆ ప్రభావంతోనే. ఆలయ ప్రాంగణంలోనే చుట్టుపక్కల దొరికిన శిల్పాలను పెట్టారు. గబగబా నడిస్తే అవన్నీ ఒకేలా అనిపిస్తాయి. ఒక పని చేయండి: ఇద్దరూ చెరో వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరు ఒక్క శిల్పాన్ని ఎంచుకుని రెండో వాళ్లకు చూపించండి. నగలు, జడ, ఆయుధం, కింద వాహనం, ఈ నాలుగూ గమనిస్తే అరగంట తెలియకుండా పోతుంది. పొద్దుటి ఏటవాలు వెలుతురులో చెక్కడం లోతు బాగా తెలుస్తుంది.

పెంబర్తి ఇత్తడి

మళ్లీ ఆలేరుకు వచ్చి హైవే ఎక్కితే అరగంటలోపు పెంబర్తి. జనగామకు ఐదారు కిలోమీటర్ల ముందే వస్తుంది. దుకాణాలు రోడ్డు పక్కనే ఉంటాయి, పని జరిగేది వెనకాల, ఊళ్లో. లోపలికి వెళ్లి అడిగితే చూపిస్తారు. పెంబర్తి లోహపు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆలయాల తలుపుల తొడుగులు, ధ్వజస్తంభాల తొడుగులు, ఉత్సవ వాహనాలు ఇక్కడి చేతుల మీదుగానే చాలా ఊళ్లకు వెళ్లాయి.

పని చూస్తే కొనడం తెలుస్తుంది. ఇత్తడి రేకును కాల్చి మెత్తబరుస్తారు. లక్క పరుపు మీద అతికిస్తారు. సుత్తి దెబ్బకు రేకు చిరగకుండా లోపలికి కుంగేది ఆ లక్క ఇచ్చే మెత్తదనం వల్లే. రకరకాల ఉలులతో వెనక నుంచి కొట్టి ఉబ్బిస్తారు, తిప్పి ముందు నుంచి గీతలు దిద్దుతారు. రేకు కొట్టుడుకు గట్టిపడుతుంది కాబట్టి మధ్య మధ్యలో మళ్లీ కాల్చాల్సిందే.

కాబట్టి కొనేటప్పుడు వస్తువును తిప్పి వెనక చూడండి. రేకు పని అయితే ముందు ఉబ్బెత్తున్న చోట వెనక గుంట ఉంటుంది, చేతికి తేలిగ్గా ఉంటుంది. పోత పోసింది బరువుగా, వెనక చదునుగా ఉంటుంది. అదీ మంచి వస్తువే కావచ్చు, కానీ పెంబర్తికి పేరు తెచ్చిన రేకు పని కాదు. వరసగా ఉన్న పూలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటే అచ్చుతో కొట్టినవి. చేతిపనిలో ఏ రెండు రేకలూ ఒక్కలా రావు. ధరలో లోహం తూకం ఒక భాగం, కూలి ఒక భాగం. రెండూ విడివిడిగా అడగండి. బేరం ఆడితే తగ్గేది కూలి భాగమే అని గుర్తుంచుకుని ఆడండి.

మెరుగు పూత వేసిన వస్తువా, వట్టిదా అని అడగడం మరవద్దు. వట్టి ఇత్తడిని చింతపండుతో తోమవచ్చు. పూత ఉన్నదాన్ని తోమితే పొర అక్కడక్కడ లేచి మచ్చలు పడుతుంది, దానికి తడిగుడ్డ చాలు. లోపల లక్క నింపిన బొమ్మ అయితే ఎండలో మూసిన కారులో గంటలకొద్దీ వదలకండి, లక్క మెత్తబడుతుంది. దుప్పట్లో చుట్టి వెనక సీటు కింద, నీడలో పెట్టండి.

భోజనానికి జనగామ. ఇక్కడా బైపాస్ ఉంది, చూసుకుని ఊళ్లోకి దిగండి. పన్నెండుంబావుకు కూర్చుంటే కూరలు తాజాగా ఉంటాయి, ఒకటిన్నర దాటితే అడుగు గిన్నెలే. మధ్యాహ్నం నడపాలి గనుక బిర్యానీ కంటే అన్నం, పప్పు, పెరుగు మేలు. చేతులు కడుక్కునే చోటు, మరుగుదొడ్డి చూసి హోటల్ ఎంచుకోండి. ఇక్కణ్నుంచి పోచంపల్లి దాకా సదుపాయంగా ఉండేవి పెద్ద పెట్రోలు బంకులు, టోల్ ప్లాజా మాత్రమే. దారిలో కాలాన్ని బట్టి తాటిముంజలో, మక్క కంకులో, సీతాఫలాలో అమ్ముతుంటారు. ముంజలకు పొద్దున వేళే మంచిది. మధ్యాహ్నానికి ముదిరినవే మిగులుతాయి. కల్లు మాత్రం నడిపేవాళ్లు ముట్టుకోవద్దు.

పోచంపల్లి

భువనగిరి, గూడూరు టోల్ దాటి బీబీనగర్ దగ్గర హైవే దిగి ఎడమకు తిరగాలి. పోచంపల్లి సుమారు 15 కిలోమీటర్లు. మూసీ దాటుతుంటే రెండు వైపులా పచ్చగా ఉంటుంది, వాసన మాత్రం నగరం నుంచి మోసుకొచ్చిందే. అద్దాలు ఎత్తుకుని సాగిపోవచ్చు.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికొచ్చినప్పుడు దళితులు సేద్యానికి భూమి అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది, ఊరి పేరుకు ముందు ఆ మాట చేరింది. వినోబా గుర్తుగా ఉన్న మందిరం ఊళ్లోనే ఉంది, పది నిమిషాలు చాలు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఆ తర్వాత రద్దీ పెరిగింది, అడగకుండానే వెంటబడి దుకాణానికి తీసుకెళ్లే వాళ్లూ పెరిగారు. ముందు మగ్గం చూస్తాం, తర్వాతే కొంటాం అని నవ్వుతూ చెప్పేయండి.

చూడాల్సింది రంగు నూలు మీద ఎలా పడుతుందన్నది. ఇక్కడ బట్ట నేసి రంగు వేయరు. ముందు ఆసు పోస్తారు, అంటే నూలును అర్ధచంద్రాకారంగా నిలిపిన మేకుల చుట్టూ చేత్తో అటూ ఇటూ తిప్పుతారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. ఈ పని ఇళ్లలో ఆడవాళ్లదే, భుజాలు అరిగిపోయేవి. పొద్దున మీరు దాటొచ్చిన ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం అమ్మ కష్టం చూసి ఆసు యంత్రం చేసి, దానికి ఆమె పేరే లక్ష్మి అని పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆసు అయ్యాక గీసిన నమూనా ప్రకారం నూలును రబ్బరు పట్టీలతో గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు కట్టాలి, విప్పాలి. ఆ తర్వాతే మగ్గం. ఇలా నూలుకు కట్టి రంగేసి నేసిన బట్టే ఇక్కత్.

నేతగాళ్ల ఇంట్లోకి వెళ్తే గుమ్మం దగ్గర ఆగి అడగండి. కిటికీ వెలుతురుకు అడ్డం నిలబడొద్దు, పడుగు (మగ్గం మీది నిలువు పోగులు) మీద చెయ్యి వేయొద్దు. ఒక్క పోగు తెగితే అతికించడానికి చాలాసేపు పడుతుంది. మగ్గం మీది చీర ఎంత అని అడిగితే వాళ్లు ఇబ్బంది పడతారు. చాలామంది మాస్టర్ వీవరిచ్చిన నూలుతో కూలికి నేస్తారు, ఆ చీర అమ్మే హక్కు వాళ్లకు ఉండదు. నచ్చితే ఎవరికి నేస్తున్నారో కనుక్కుని అక్కడికి వెళ్లండి. జోరు వానల్లో గుంట మగ్గాల్లో చెమ్మ ఊరుతుంది, అప్పుడు నేత ఆగిపోవచ్చు.

కొనేటప్పుడు చీర మొత్తం విప్పించండి, మడతలో ఉన్న కొంగు చూసి సరిపెట్టుకోవద్దు. అసలు ఇక్కత్‌కు ముందూ వెనకా రంగు ఒకే చిక్కదనంలో ఉంటుంది, పువ్వు అంచు సన్నగా చెదిరినట్టుంటుంది. అంచు కత్తితో కోసినట్టు తీరుగా ఉండి వెనక వెలిసినట్టుంటే అది అచ్చు వేసిన బట్ట. పడుగులోనో, అడ్డ పోగులైన పేకలోనో ఒకదానిలోనే కట్టు వేసింది సింగిల్ ఇక్కత్, రెండింట్లోనూ కట్టి నేతలో ఒకదానిపై ఒకటి కలిపింది డబుల్. ధర ఎన్నో రెట్లు తేడా రావడానికి కారణం అదే. అమ్మేవారు డబుల్ అంటే పువ్వు దగ్గర నూలును కళ్ల దగ్గరగా పెట్టుకుని చూడండి. నిలువు పోగు మీదా అడ్డ పోగు మీదా అదే రంగు మారుతుండాలి. పట్టుకు సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ అడగండి. తెచ్చిన తెల్ల రుమాలు మూల తడిపి ఎరుపు, నలుపు ఉన్న చోట రుద్దండి. కొద్దిగా అంటడం మామూలే, ధారగా దిగితే వద్దు. బిల్లు తీసుకోండి. పాలిథీన్ కవరు వద్దని చెప్పి దిండు గలీబులో పెట్టండి, పట్టుకు గాలి ఆడుతుంది.

జనగామలోనే రెండున్నర దాటిపోయిందనుకోండి, కంగారు పడి హైవే మీద వేగం పెంచొద్దు. పోచంపల్లిలో వినోబా మందిరం వదిలేసి ముందు మగ్గం చూడండి, దుకాణాలు ఆగుతాయి.

తిరుగు దారి

ఐదుంబావుకు కదిలితే విజయవాడ హైవే మీది కొత్తగూడెం అడ్డరోడ్డు 10, 11 కిలోమీటర్లు. ఈ ముక్కలో సాయంత్రం పూట గొర్రెల మందలు, వెనక దీపం లేని ట్రాక్టర్లు ఉంటాయి. నవంబరు, డిసెంబరుల్లో 5.40కే పొద్దుగుంకుతుంది, కాబట్టి ఆ రోజుల్లో ఐదుకే లేవండి. హైవే ఎక్కాక ఎదురెండ. సన్‌వైజర్ దించి ముందు బండికి మామూలు కంటే రెట్టింపు దూరం పాటించండి.

ఆదివారమైతే హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఊళ్ల నుంచి తిరిగొచ్చే బండ్లతో గంట పట్టొచ్చు. పెద్ద అంబర్‌పేట దగ్గర పదకొండో నంబరు ఎగ్జిట్ నుంచి ఔటర్ ఎక్కితే శంషాబాద్, గచ్చిబౌలి వైపు వాళ్లకు దూరం ఎక్కువైనా త్వరగా చేరతారు. ఉప్పల్, తార్నాక వైపు వాళ్లు నాగోల్ మీదుగానే వెళ్లాలి. ఇల్లు చేరాక ఇత్తడి వస్తువు విప్పి పొడిగుడ్డతో తుడవండి, పొద్దున్నుంచి పట్టిన వేలిముద్రల చెమట రాత్రికి మచ్చలు కడుతుంది. చీర మడత విప్పి ఫ్యాను కింద గంటసేపు ఆరేసి, మడత మార్చి దాచండి.